హేరోదు యోహానుకు భయపడ్డాడా, గౌరవించాడా? (మార్కు 6:20)

ఉదయమన్నా
అందరికీ వందనాలు. వచ్చే ఆదివారం మా సంఘంలో యువకుల బైబిలు తరగతి నా వంతు. పాఠం మార్కు 6వ అధ్యాయం, బాప్తిస్మమిచ్చు యోహాను మరణం.

చిన్నప్పటినుండి తెలిసిన కథే. పుట్టినరోజు విందు, నాట్యం, ఒట్టు, పళ్లెం. సోదరుడి భార్య హేరోదియను తెచ్చుకోవడం తప్పన్నందుకు హేరోదు యోహానును చెరలో వేశాడు. విందులో ఆమె కూతురి నాట్యానికి మెచ్చి, ఏం అడిగినా ఇస్తానని ఒట్టు పెట్టాడు. తల్లి మాట మీద ఆ పిల్ల యోహాను తలను పళ్లెంలో పెట్టి ఇమ్మంది. సండే స్కూలులో టీచరుగారు గుడ్డ పలక మీద బొమ్మలు అతికిస్తూ చెప్పేవారు. పళ్లెం బొమ్మ మాత్రం అతికించేవారు కాదు, చివరిదాకా చేతిలోనే ఉంచుకునేవారు. అందుకే కాబోలు, మా అందరి కళ్లూ ఆ చేతి మీదే ఉండేవి.

ఈసారి చదువుతూ 20వ వచనం దగ్గర ఆగిపోయాను. యోహాను నీతిమంతుడని, పరిశుద్ధుడని హేరోదుకు తెలుసట. అతనికి భయపడ్డాడట. అతన్ని కాపాడుతూ వచ్చాడట. అతని మాటలు విన్నప్పుడు "ఏమి చేయను తోచకపోయినను సంతోషముతో వినుచుండెను" అని ఉంది. చెరలో వేసినవాడే కాపాడుతున్నాడు. భయపడేవాడే సంతోషంగా వింటున్నాడు. చివరికి తల తెమ్మన్నవాడూ అతడే. ఇరవై ఏళ్ల పిల్లలకు దీన్ని ఎలా చెప్పాలి? "హేరోదు చెడ్డవాడు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే నాకే తృప్తిగా లేదు.

గోదావరిగట్టు
బేత్లెహేములో పసిపిల్లలను చంపించినవాడే కదండీ ఈ హేరోదు? వాడికి గౌరవం ఏమిటి, భయం ఏమిటి? క్రిస్మస్ నాటకంలో మా మేనమామ ఏటా ఆ వేషం కట్టేవాడు. మీసాలు చూసే పిల్లలు ఏడ్చేవారు.

పాతపుస్తకం
గోదావరిగట్టు గారూ, మీ మేనమామగారిది తండ్రి వేషం. ఇతడు కొడుకు. చాలామంది ఇక్కడే తడబడతారు కాబట్టి ఒకసారి చెబుతాను.

పసిపిల్లలను చంపించినది మహా హేరోదు. క్రీస్తుపూర్వం 4లో చనిపోయాడు. అతని రాజ్యాన్ని రోమా చక్రవర్తి ఔగుస్తు కొడుకులకు పంచాడు. గలిలయ, యొర్దాను అవతలి పెరయ అంతిపకు వచ్చాయి. యోహాను తల తీయించినవాడు, సిలువకు ముందు యేసును విచారించినవాడు ఈ హేరోదు అంతిప. అపొస్తలుల కార్యములు 12లో యాకోబును చంపించి, పురుగులు పడి చచ్చినవాడు ఇంకొకడు, హేరోదు అగ్రిప్ప. ఇతడు హేరోదియకు స్వయానా అన్నదమ్ముడు.

ఇంకో సంగతి. అంతిప నిజానికి రాజు కాడు. మత్తయి, లూకా "చతుర్థాధిపతి" అంటారు, అంటే రోముకు లోబడి రాజ్యంలో ఒక భాగాన్ని ఏలేవాడు. మార్కు మాత్రం "రాజు" అనే రాశాడు. గలిలయలో జనం అలాగే పిలిచేవారేమో, లేక మార్కు ఎత్తిపొడుపేమో. "నా రాజ్యములో సగము మట్టుకు" ఇస్తానని ఆ అమ్మాయికి ఒట్టు పెట్టినవాడి చేతిలో ఇవ్వడానికి రాజ్యమంటూ లేదు. ఉన్నదంతా రోమువాళ్ల దయ. ఎస్తేరు గ్రంథంలో పారసీక చక్రవర్తి అన్న మాటను విందులో కూర్చుని ఇతడు అప్పు తెచ్చుకున్నాడు.

గోదావరిగట్టు
సరే, కొడుకు. మీసాలు కొంచెం చిన్నవి అనుకుంటాను.

అక్షరాల_వేట
ఉదయమన్నా గారు పట్టుకున్న వచనంలో ఒక చిక్కుముడి ఉంది. 1611 నాటి ఇంగ్లీషు బైబిలు తీసి చూడండి. అక్కడ "ఏమి చేయను తోచక" అన్న మాట లేదు. యోహాను మాటలు విని హేరోదు "అనేక కార్యములు చేసెను" అని ఉంటుంది.

కారణం గ్రీకు ప్రతుల్లో తేడా. చాలా ప్రతుల్లో "ఎపొయెయ్", అంటే చేశాడు, అని ఉంది. నాలుగో శతాబ్దానికి చెందిన సీనాయి ప్రతి, వాటికన్ ప్రతి "ఏపొరెయ్" అంటాయి. అంటే దారి తోచక కొట్టుమిట్టాడాడు. రెండు మాటలూ చెవికి దగ్గరగానే ఉంటాయి. చూసి రాసేటప్పుడు ఒకటి ఇంకొకటిగా మారడం కష్టం కాదు. మన తెలుగు బైబిలు రెండోదాన్ని అనుసరించింది. నాకు అదే సరి అనిపిస్తుంది. ఎందుకంటే "అనేక కార్యములు చేసెను" అంటే హేరోదు సగం మారుమనస్సు పొందినట్టు అవుతుంది. ఆ భార్యను వదలడం తప్ప మిగతావన్నీ చేశాడని ఆ పాఠం మీద పెద్దపెద్ద ప్రసంగాలే చేసేవారు. "తోచకపోయినను" అంటే అతడు చేసింది ఏమీ లేదు. విన్నాడు, అంతే.

క్రియల తీరు కూడా చూడండి. భయపడుచుండెను, కాపాడుచుండెను, వినుచుండెను. అన్నీ సాగుతూ ఉన్న క్రియలు. ఒకసారి జరిగింది కాదు. మళ్లీ మళ్లీ పిలిపించుకుని విన్నాడన్నమాట.

విశ్రాంత_తాసీల్దారు
నేను ఈ చర్చలు చదవడమే తప్ప రాయడం తక్కువ. ఈ సంగతి చూశాక ఊరుకోలేకపోయాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకొక పై అధికారి ఉండేవారు. పేరు, ఊరు వద్దు. మా ఆఫీసులో ఒక సర్వేయరు ఉండేవాడు. గొలుసు పట్టి కొలిస్తే ఎవరి ముఖమూ చూసేవాడు కాదు. పెద్దవాళ్ల పొలం చెరువు శిఖంలోకి, అంటే చెరువు నీరు నిలిచే నేలలోకి, ఎన్ని సెంట్లు జరిగిందో ఎఫ్.ఎం.బి. (పొలాల కొలతల పుస్తకం) విప్పి వాళ్ల ముందే చెప్పేసేవాడు. మా అధికారికి ఆయనంటే ఎంత ఇష్టమో చెప్పలేను. సాయంత్రం ఆఫీసు అయ్యాక ఇంటికి పిలిపించుకునేవారు. టీ తెప్పించేవారు. "చెప్పవయ్యా, ఆ సర్వే నంబరు సంగతి" అని గంటలు వినేవారు. విని "నువ్వు చెప్పేది నూటికి నూరుపాళ్లు నిజం" అనేవారు. మర్నాడు ఆ ఫైలు ఉన్నచోటే ఉండేది. ఆయన ఉన్నన్నాళ్లు సర్వేయరు మీద ఈగ వాలనివ్వలేదు, అదీ నిజమే.

ఒక రోజు పెద్దలందరూ కలిసి వచ్చారు. గదిలో ఎనిమిది కుర్చీలు నిండాయి. బదిలీ కాగితం టైపు చేసి తెచ్చింది నేనే. సంతకం పెట్టబోతూ కలం మూత రెండుసార్లు తీసి పెట్టారు. కళ్లలో నీళ్లు తిరిగాయి, చూశాను. సంతకం మాత్రం ఎప్పటిలాగే గుండ్రంగా వచ్చింది.

అప్పటినుండి మార్కు 6:26 చదివినప్పుడల్లా నాకు ఆ గది గుర్తొస్తుంది. రాజు బహుగా దుఃఖపడ్డాడు, అయినా ఒట్టు పెట్టుకున్నందుకు, తనతో కూర్చున్నవారి నిమిత్తం కాదనలేకపోయాడు. "కూర్చున్నవారు" అన్న మాట దగ్గర నాకు ఆ ఎనిమిది కుర్చీలే కనిపిస్తాయి.

ఉదయమన్నా
అయ్యా, మీ అనుమతి ఉంటే ఇది తరగతిలో చెబుతాను. కలం మూత సంగతితో సహా.

విశ్రాంత_తాసీల్దారు
చెప్పండి. ఇంకో మాట కూడా చెప్పండి. తల తెమ్మని హేరోదు ఎవరిని పంపాడో మన బైబిలులో చూశారా? "ఒక బంట్రౌతును". జీవితమంతా బంట్రోతుల మధ్య గడిపినవాణ్ణి, ఆ మాట చూస్తే నాకు ఒళ్లు జలదరిస్తుంది. పెద్దవాళ్లు విందులో ఉంటారు. పని మీద వెళ్లేది బంట్రోతు.

అక్షరాల_వేట
అక్కడ గ్రీకు గ్రంథంలో ఉన్నది లాటిన్ నుండి వచ్చిన మాట, "స్పెకులాతోర్". రోమా సైన్యంలో వేగు చూడడం, ఉత్తర్వులు మోయడం, అవసరమైతే మరణశిక్ష అమలు చేయడం వాళ్ల పని. ఉత్తర్వు మోసేవాడు అన్న అర్థంలో మన అనువాదకులు ఏరిన మాట చక్కగా కుదిరింది.

శాసనాలవాడు
నేను విశ్వాసిని కాను, చరిత్ర చదువుకున్నవాణ్ణి. కొంచెం చన్నీళ్లు చల్లుతాను, కోపగించుకోకండి.

ఇదే సంఘటన గురించి సువార్తల బయట మనకు ఒక సాక్ష్యం ఉంది. యూదు చరిత్రకారుడు జోసీఫస్ సుమారు క్రీ.శ. 93లో పూర్తిచేసిన గ్రంథంలో యోహాను మంచివాడని, నీతిగా బతకమని యూదులకు బోధించాడని రాశాడు. జనం అతని మాటలకు ఊగిపోయి, అతడు ఏం చెబితే అది చేసేలా ఉండడం చూసి హేరోదు భయపడ్డాడట. తిరుగుబాటు వచ్చాక చింతించడం కన్నా ముందే తీసేయడం మేలనుకుని, మకేరస్ కోటకు పంపి చంపించాడట. అక్కడ నాట్యం లేదు, ఒట్టు లేదు, పళ్లెం లేదు. మకేరస్ అంటే మృతసముద్రానికి తూర్పున, ఇప్పటి జోర్డాన్ దేశంలో ఉన్న కొండ కోట. సలోమే అన్న పేరు కూడా జోసీఫస్ వల్లే మనకు తెలుసు, సువార్తల్లో ఆ అమ్మాయికి పేరు లేదు.

కాబట్టి హేరోదు భయం రాజకీయ భయం. ఆ పెళ్లినే చూడండి. అంతిప మొదటి భార్య పక్కనున్న నబతీయుల రాజు అరెత కూతురు. హేరోదియను తెచ్చుకుంటున్నాడని తెలిసి, ఆమె ఏమీ ఎరగనట్టు మకేరస్‌కు వెళతానని అనుమతి తీసుకుని, అక్కడినుండి తండ్రి దగ్గరకు పారిపోయింది. సరిహద్దు రాజు పగబట్టి ఉన్నాడు. ఆ సరిహద్దు ప్రాంతంలోనే ఒక ప్రవక్త నిలబడి "ఈ పెళ్లి న్యాయం కాదు" అంటున్నాడు. ఏ పాలకుడైనా దాన్ని ధర్మోపదేశంగా వింటాడా?

పాతపుస్తకం
శాసనాలవాడు గారూ, మీరు ఆపిన చోటినుండి జోసీఫస్‌ను ఇంకాస్త ముందుకు చదవండి. క్రీ.శ. 36లో అరెత అంతిప సైన్యాన్ని చితకగొట్టాడు. అప్పుడు కొందరు యూదులు, యోహానును చంపినందుకు దేవుడు వేసిన శిక్ష ఇది అన్నారని అదే జోసీఫస్ అదే చోట రాశాడు. యోహాను పోయి కొన్నేళ్లయినా జనం లెక్క మూయలేదు. జనానికి భయపడ్డాడన్నా, ఆ జనం ఎవరివల్ల అలా నిలబడ్డారో అతనికే భయపడ్డాడన్నా తేడా ఎంత? మత్తయి కూడా హేరోదు యోహానును చంపాలనుకుని జనసమూహానికి భయపడ్డాడనే అన్నాడు.

శాసనాలవాడు
మంచి మాట తెచ్చారు. మత్తయి ప్రకారం చంపాలనుకున్నది హేరోదు. మార్కు ప్రకారం చంపాలనుకున్నది హేరోదియ, కాపాడినది హేరోదు. ఏది నిజం?

పాతపుస్తకం
ఉదయం ఒకటి, రాత్రి ఒకటి. విశ్రాంత తాసీల్దారు గారి అధికారి మనసులో ఆ సర్వేయరును ఎన్నిసార్లు బదిలీ చేసి ఉంటారో! మత్తయి కూడా ఆ తర్వాత నాలుగు వచనాలకే "రాజు దుఃఖపడి" అంటాడు.

లూదియ
ఇంతసేపూ మగవాళ్ల మనస్సాక్షి గురించే మాట్లాడుకుంటున్నారు. మా స్త్రీల సమాజంలో ఈ పాఠం వస్తే ఏం జరుగుతుందో చెప్పనా? ప్రసంగం అంతా హేరోదియ మీదే. ఆమె పగ, ఆమె కుట్ర. ఆ తర్వాత అమ్మాయి నాట్యం, ఈ కాలపు పిల్లల బట్టలు. హేరోదు పాపం మంచివాడే, ఆడవాళ్లు చెడగొట్టారు. నలభై ఏళ్లుగా వింటున్నాను.

హేరోదియ పగ పట్టింది, కాదనను. కానీ ఆజ్ఞ ఇచ్చింది ఎవరు? "అతని తల తెమ్మని ఆజ్ఞాపించి" అన్న వాక్యానికి కర్త ఎవరో చూడండి. సైన్యం ఎవరిది, చెరసాల ఎవరిది? పరాయి భార్యను తెచ్చుకోవడం తప్పని యోహాను మందలించింది ఎవరిని? హేరోదునే. లేవీయకాండము 18:16 పురుషుడికి రాసిన ఆజ్ఞ.

ఆ అమ్మాయి సంగతి. మార్కు ఆమెకు వాడిన మాట "చిన్నది". ఒక్క అధ్యాయం వెనక్కి వెళ్లండి. చనిపోయిన యాయీరు కూతురు చెయ్యి పట్టుకుని యేసు "చిన్నదానా, లెమ్మని నీతో చెప్పుచున్నాను" అంటాడు. అక్కడ ఆమె వయసు పన్నెండేళ్లని కూడా రాసి ఉంది. గ్రీకులో కూడా రెండుచోట్లా ఒకే మాటే అని మా పాస్టరు గారు చెప్పారు. ఒక చిన్నదాని చేతిని యేసు పట్టుకున్నాడు. ఇంకొక చిన్నదాని చేతిలో హేరోదు పళ్లెం పెట్టించాడు. "ఆ చిన్నది తన తల్లికిచ్చెను" అని ముగుస్తుంది ఆ వచనం. ఆ గది నుండి ఈ గదికి ఆ పళ్లెం మోసిన పిల్ల గురించి ఎవరైనా ఒక్క ప్రసంగం చేశారా?

గోదావరిగట్టు
అమ్మా, మా మేనమామ కూడా ఆ వైపు ఆలోచించి ఉండడు. రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టి ఇప్పుడే చదివాను. ఇంకేమీ రాయలేను.

అక్షరాల_వేట
లూదియ గారు చెప్పింది నిజమే, రెండుచోట్లా "కొరాసియోన్". మార్కు ఇలాంటి జంటలు కావాలనే పెడతాడనిపిస్తుంది. 6:26లో హేరోదు "బహుగా దుఃఖపడెను" అన్నచోట ఉన్న గ్రీకు మాట మార్కులో మళ్లీ ఒకే ఒక్కసారి వస్తుంది. 14:34లో, సిలువకు ముందు రాత్రి గెత్సేమనేలో, యేసు నోట. "నా ప్రాణము మరణమగునంతగా దుఃఖములో మునిగియున్నది." అంటే హేరోదు దుఃఖం నటన అని మార్కు అనడం లేదు. అంత నిజమైన దుఃఖాన్నీ పక్కన పెట్టి బంట్రౌతును పంపాడంటున్నాడు.

తిక్కన_పద్యం
నాది వేరే మతం. తెలుగు పద్యాల చర్చ కోసం ఈ వేదికకు వచ్చి ఇటు తొంగిచూశాను. మీరు చెబుతున్న హేరోదు నాకు బాగా తెలిసినవాడే. మా వైపు పేరు ధృతరాష్ట్రుడు.

ఉద్యోగపర్వంలో సంజయుడు రాయబారం నుండి తిరిగివచ్చిన రాత్రి ముసలిరాజుకు నిద్ర పట్టదు. విదురుణ్ణి పిలిపిస్తాడు. రాత్రంతా నీతి చెప్పించుకుంటాడు, ఇంకా చెప్పమంటాడు. విదురుడు మెత్తగా చెప్పే రకం కాదు, నీ కొడుకును వదులుకోకపోతే కులం నాశనం అంటాడు. అంతా విని ధృతరాష్ట్రుడు అనే మాట సంస్కృత భారతంలో ఉంది. నువ్వు చెప్పినప్పుడు నా బుద్ధి పాండవుల వైపే ఉంటుంది, దుర్యోధనుణ్ణి చూడగానే మళ్లీ తిరగబడుతుంది అని. తన జబ్బు తనకు తెలుసు. మందు పేరు కూడా తెలుసు.

అరణ్యపర్వం మొదట్లో ఇంకా బాగుంటుంది. విదురుడి మాట మింగుడుపడక "నువ్వెప్పుడూ వాళ్ల పక్షమే, ఉంటే ఉండు, పోతే పో" అంటాడు. విదురుడు లేచి కామ్యకవనానికి వెళ్లిపోతాడు. వెళ్లాడో లేదో ధృతరాష్ట్రుడు మూర్ఛపోతాడు. సంజయుణ్ణి పంపి తెప్పించుకుని, ఒడిలోకి తీసుకుని క్షమించమంటాడు. ఆ తర్వాత? మళ్లీ మామూలే.

సువార్తికుడు_07
క్షమించాలి, దేవుని ప్రవక్తను పురాణ పాత్రతో పోల్చడం సరికాదు. యోహాను స్త్రీలు కనినవారిలో గొప్పవాడని ప్రభువే చెప్పాడు.

తిక్కన_పద్యం
అయ్యా, నేను పోల్చింది మీ ప్రవక్తను కాదు. మీ రాజును మా రాజుతో.

నిర్వాహకుడు
ఇద్దరికీ మనవి. పోలిక రాజు మీద, అక్కడితో ఆగుదాం. ఇప్పటి నాయకుల పేర్లతో వచ్చిన రెండు వ్యాఖ్యలు తీసేశాను. చర్చ మొదటి శతాబ్దంలోనే ఉండాలి.

యూసుఫ్_కర్నూలు
సలాం. యోహాను మాకూ ప్రవక్తే, యహ్యా అలైహిస్సలాం. ఖుర్‌ఆన్ మర్యమ్ సూరాలో "యహ్యా, గ్రంథాన్ని గట్టిగా పట్టుకో" అని అల్లాహ్ ఆజ్ఞ ఉంటుంది. పసితనంలోనే వివేకం ఇచ్చామని, తల్లిదండ్రుల పట్ల మంచిగా ఉండేవాడని, పుట్టిన రోజున, చనిపోయే రోజున, తిరిగి లేచే రోజున అతనికి శాంతి అని ఉంటుంది. ఎలా మరణించాడన్న వివరం ఖుర్‌ఆన్‌లో లేదు. హేరోదు పేరు కూడా లేదు. డమాస్కస్‌లోని ఉమయ్యద్ మసీదు లోపల ఆయన తల ఉందని నమ్మే సమాధి ఉంది. మా బాబాయి చూసి వచ్చారు. లోపల పచ్చటి అద్దాల వెనుక ఉంటుందట.

నిర్గమ_పాఠకుడు
ఉదయమన్నా గారూ, తరగతికి పాత నిబంధనలో దీనికి జంట కథ కావాలంటే అందరూ రాజు అహాబు, రాణి యెజెబెలు, ప్రవక్త ఏలీయా అంటారు. అది పైకి కనిపించే జంట. నన్నడిగితే అసలు జంట యిర్మీయా 37, 38 అధ్యాయాల్లోని యూదా రాజు సిద్కియా. యెరూషలేము ముట్టడిలో ఉంది. రాజు యిర్మీయాను రహస్యంగా ఇంటికి పిలిపించి, యెహోవా దగ్గరనుండి ఏదైనా మాట వచ్చిందా అని అడుగుతాడు. వచ్చింది, నీవు బబులోను రాజు చేతికి అప్పగించబడతావు అంటాడు ప్రవక్త. నచ్చని మాటే. అయినా రాజు అతన్ని బందీగృహశాలలో ఉంచి, పట్టణంలో రొట్టెలు ఉన్నంతవరకూ రొట్టెలు కాల్చేవారి వీధినుండి రోజుకొక రొట్టె ఇప్పిస్తాడు. కరవులో ఆ రొట్టె విలువ ఎంతో ఊహించండి. ఇదీ కాపాడడమే.

ఆ తర్వాత అధిపతులు వచ్చి వీడిని చంపాలి అంటే అదే రాజు "అతడు మీ చేతిలో ఉన్నాడు, రాజు మీకు అడ్డం రాలేడు" అంటాడు. రాజే "రాజు" అని మూడో మనిషి గురించి చెప్పినట్టు చెబుతాడు! వాళ్లు బురద గోతిలో దింపుతారు. కూషు దేశస్థుడు ఎబెద్మెలెకు వచ్చి అడిగితే మళ్లీ అదే రాజు ముప్పైమందిని ఇచ్చి తీయించమంటాడు. తాళ్లు ఒరుసుకోకుండా చంకల కింద పెట్టుకోమని ఎబెద్మెలెకు పాత చింకిబట్టలు కూడా దించాడు. ఎవరు వచ్చి అడిగితే వాళ్లకు సరే అనే రాజు. చివరికి యిర్మీయాతో ఏమంటాడో తెలుసా? మనం మాట్లాడుకున్న సంగతి ఎవరికీ చెప్పకు.

విశ్రాంత_తాసీల్దారు
"మనం మాట్లాడుకున్నది బయటికి రానీయకు." ఈ మాట కూడా నేను విన్నాను.

లూదియ
ఒట్టు గురించి ఎవరూ రాయలేదు. ఒట్టు పెట్టుకున్నాడు కాబట్టి తప్పలేదని కొందరు అతన్ని వెనకేసుకొస్తారు. లేవీయకాండము 5:4 నుండి చదవండి. అనాలోచితంగా ఒట్టు పెట్టుకుని తర్వాత తెలుసుకుంటే, పాపం ఒప్పుకుని అర్పణ తేవాలి. ఒక ఆడ గొర్రెపిల్లో మేకపిల్లో. దారి ఉంది, ఖరీదు కూడా పెద్దది కాదు. విందులో అంతకన్నా ఎక్కువే కోసి ఉంటారు.

శాసనాలవాడు
లూదియ గారి దెబ్బకు నా రాజకీయ భయం కొంచెం చిన్నబోయింది. ఒప్పుకుంటాను. రాజకీయం ఒక్కటే అయితే జోసీఫస్ చెప్పినట్టు తొందరగా తీసేసేవాడు. పట్టి ఉంచి, శిష్యుల్ని రానిచ్చి (మత్తయి 11లో యోహాను చెరసాలనుండే శిష్యుల్ని యేసు దగ్గరకు పంపుతాడు), పిలిపించుకుని వినడం ఎందుకు? దీనికి నా దగ్గర లెక్క లేదు.

ఉదయమన్నా గారికి పనికొచ్చే ఒక వస్తువు ఇస్తాను. అంతిప క్రీ.శ. 19–20 ప్రాంతంలో తిబెరియ పట్టణం కట్టించినప్పుడు నాణేలు వేయించాడు. యూదుల అభ్యంతరం తెలుసు కాబట్టి వాటి మీద తన ముఖం వేయించుకోలేదు. రెల్లు మొక్క వేయించాడు. ఇప్పుడు మత్తయి 11:7 చదవండి. యోహాను గురించి యేసు జనాన్ని అడుగుతాడు, ఏమి చూడడానికి అరణ్యానికి వెళ్లారు, "గాలికి కదలుచున్న రెల్లునా?" తర్వాతి మాట, సన్నపు బట్టలు వేసుకున్నవారు రాజగృహాల్లో ఉంటారు. జేబులో ఆ నాణెం ఉన్నవాడికి ఆ మాట ఎవరిమీద పడిందో వేరే చెప్పాలా? ఇది కొందరు పండితుల ఊహే, రుజువైన సంగతి కాదు. నాణెం మాత్రం నిజం.

ఉదయమన్నా
నాణెం బొమ్మ పెద్దది చేసి అచ్చు తీయిస్తాను. ఇంకొక ప్రశ్న. ఈ మాటలన్నీ బయటికి ఎలా వచ్చాయి? హేరోదు సంతోషంగా వినేవాడని మార్కుకు ఎవరు చెప్పారు?

పాతపుస్తకం
ఆధారాలతో తేల్చలేం కానీ దారులు ఉన్నాయి. హేరోదు గృహనిర్వాహకుడు కూజా భార్య యోహన్న యేసును వెంబడించిన స్త్రీలలో ఉంది (లూకా 8:3). అంతియొకయ సంఘంలో మనయేను అనే బోధకుడు ఉన్నాడు, చతుర్థాధిపతియైన హేరోదుతో కూడ పెంచబడినవాడు (అపొ. కార్య. 13:1). ఒకే ఇంట్లో పెరిగిన ఇద్దరిలో ఒకడు యోహాను తల తీయించాడు, ఇంకొకడు పౌలు మీద చేతులుంచి పంపినవాళ్లలో ఉన్నాడు.

గోదావరిగట్టు
మరి చివరికి ఇతడికి ఏమైంది?

పాతపుస్తకం
యోహాను పోయాక యేసు పేరు వినగానే, నేను తల గొట్టించిన యోహానే లేచాడు అన్నాడు. బతికున్నప్పటికన్నా ఎక్కువ భయపడ్డాడు. మార్కు ఆ భయం ముందు చెప్పి, చంపిన కథ తర్వాత చెబుతాడు. తీరా యేసు ఎదుటికి వచ్చినప్పుడు (లూకా 23) భయం లేదు, ఏదైనా సూచకక్రియ (అద్భుతం) చూడాలన్న ముచ్చట మాత్రమే ఉంది. ఎన్ని ప్రశ్నలు వేసినా యేసు ఒక్క మాట పలకలేదు. యోహాను అంత మాట్లాడాడు, ఈయన ఒక్క మాట కూడా ఇవ్వలేదు.

క్రీ.శ. 39లో "రాజు" బిరుదు అడుగుదామని హేరోదియ పట్టుపడితే రోముకు వెళ్లాడు. అగ్రిప్ప అతని వెనకే ఫిర్యాదు పంపాడు. చక్రవర్తి కలిగుల ఉన్న పదవి కూడా పీకేసి గౌలుకు (ఇప్పటి ఫ్రాన్సు ప్రాంతం) వెళ్లగొట్టాడు. నలభై ఏళ్లకు పైగా ఏలిన ప్రాంతం అగ్రిప్పకే పోయింది. హేరోదియ అగ్రిప్ప సోదరి అని తెలిసి చక్రవర్తి ఆమెను విడిచిపెడతానన్నాడు. ఆమె వద్దని, భర్తతోనే వెళ్లింది.

లూదియ
ఈ చివరి వాక్యం మా స్త్రీల సమాజంలో ఒక్కసారి కూడా వినలేదు.

ఉదయమన్నా
తరగతి అయింది. పిల్లలు కలం మూత దగ్గర నవ్వారు, తర్వాత నవ్వలేదు. ఇద్దరు సర్వేయరు ఏమయ్యాడని అడిగారు, తాసీల్దారు గారే చెప్పాలి.

వెనుక బల్ల మీద ఒక పెద్దమ్మ కూర్చుంది. మనవడిని దింపడానికి వచ్చి ఉండిపోయింది. అంతా విని, "శవాన్ని ఎవరిచ్చారయ్యా?" అంది. 29వ వచనం చదివాను. యోహాను శిష్యులు ఈ సంగతి విని, వచ్చి శవాన్ని ఎత్తుకుపోయి సమాధిలో ఉంచారు. "అదే అడుగుతున్నాను. కోటలోంచి ఊరికే ఎలా ఎత్తుకుపోతారు? వాడు ఇవ్వమంటేనే కదా" అంది. నా దగ్గర జవాబు లేదు.

విశ్రాంత_తాసీల్దారు
ఆమె చెప్పింది సబబు. పై ఉత్తర్వు లేకుండా ఏ కాపలావాడూ శవాన్ని వదలడు. ఇవ్వమని ఉంటాడు. సర్వేయరు కూడా సామాను లారీకి ఎక్కిస్తుంటే మా అధికారి ఆఫీసు జీపు పంపారు, రైలు స్టేషను దాకా.

అక్షరాల_వేట
29వ వచనంలో ఉన్నది "శవము" మాత్రమే. తల సంగతి లేదు. 28లో అది తల్లి చేతికి వెళ్లింది. మార్కులో దాని సంగతి అక్కడితో ఆఖరు.